నారుమడి

తాడిపత్రి సుంకులమ్మ కుడిచెయ్యి చెడిపోయిన మరుసటి ఏడు, పెన్నా పాంథర్స్ వాళ్లే కబురు చేసి ఆమెకు ఉద్యోగమిచ్చారు. వీధిలో అందరూ వాళ్ల మంచితనాన్ని మెచ్చుకున్నారు. ఆడలేని పిల్లను ఇంకొకరయితే గేటు దగ్గరే ఆపేసేవారన్నారు. సుంకులమ్మ కూడా అలాగే అనుకుంది. అయిదేళ్ల పాటు అలాగే అనుకుంది.

చెయ్యి చెడిపోవడమంటే పక్షవాతం కాదు. చెయ్యి కదిలేది, బలమూ ఉండేది. పని మాత్రం దానికి తెలిసేది కాదు. గ్లాసు అందుకోబోతే వేళ్లు గ్లాసు దాటిపోయి ఆగేవి. ముద్ద నోటి దాకా వచ్చేసరికి మణికట్టు వణికి సగం ఒళ్లో పడేది. జాకెట్టు హుక్కులు అమ్మ లింగమ్మ పెట్టాల్సి వచ్చేది. ఎడమ చేత్తో తినడానికి సుంకులమ్మ మనసొప్పలేదు. మొండిగా పూటపూటకూ కుడిచేత్తోనే ప్రయత్నించేది. ఆ ప్రయత్నంతో చెయ్యి బాగుపడలేదు సరికదా, వణుకే రోజురోజుకూ ముదిరింది.

పద్దెనిమిదేళ్ల వయసులో అదే చెయ్యి బంతి విసిరితే అవతలి ఆటగత్తెలు బ్యాటు ఎత్తేలోపే వికెట్లు లేచిపోయేవి. అప్పట్లో పాంథర్స్ వాళ్లు ఆమెను అనంతపురం బయట ఉన్న తమ శిక్షణ కేంద్రానికి తీసుకుపోయారు. దాని అసలు పేరు ఇంకేదో ఉంది గానీ, టీమ్ యజమాని జయవర్ధన్ దాన్ని ముద్దుగా ‘నారుమడి’ అనేవాడు. మండలాల్లో ఏరిన పిల్లలను జిల్లా జట్టులో ఆడించి, అందులో మెరికలను నారుమడికి తెచ్చి పెంచి, ముదిరాక పెద్ద జట్టులోకి నాటుతామని మీటింగుల్లో చెప్పేవాడు. సుంకులమ్మ నాటుకు సిద్ధమైందని అందరూ అనుకుంటున్న రోజుల్లోనే, ఒక మధ్యాహ్నం ఏదో పరీక్ష కోసం తలకు టోపీ పెట్టించుకుని పడుకుని లేచింది. లేచాక చెయ్యి ఆమెది కాకుండా పోయింది. నరాలు అలిసిపోయాయని డాక్టరు పరాంకుశం చెప్పాడు. చిన్న వయసులో వేగంగా బౌలింగ్ చేసేవాళ్లకు ఇలా అవుతుంటుందన్నాడు.

చెయ్యి పోయినా ఆమె కన్ను పోలేదు. ఏ పిల్ల భుజంలో వేగముందో, ఏ పిల్ల నడుము బరువు మోస్తుందో నాలుగు బంతులు చూస్తే చెప్పేసేది. ఆ కన్నుకే పాంథర్స్ వాళ్లు జీతమిచ్చారు. బస్సుల్లో తిరిగి, బళ్ల మైదానాల్లో నిలబడి, పిల్లలను ఏరి తెచ్చేది. పరీక్ష గదిలో పిల్లలు బెదరకుండా పక్కన కూర్చుని వాళ్ల తలకు టోపీ తొడగడం కూడా ఆమె పనే. అలా తెచ్చిన పిల్లల్లో కొందరి చేతులూ చెడిపోయాయి. రాప్తాడు నుంచి తెచ్చిన పిల్ల, ఇంటికి పోయేముందు, “అక్కా, చెప్పుల బకిలీ పడల్యా, పెట్టవా?” అని పాదం ముందుకు చాపింది. సుంకులమ్మ వంగి ప్రయత్నించింది. ఆమెకూ పడలేదు. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ నవ్వు తర్వాత్తర్వాత సుంకులమ్మను చాలా రోజులు కాల్చింది.

అసలు సంగతి ఆమెకు ఆదోనిలో తెలిసింది.

ఆ పొద్దు మునిసిపల్ బడి మైదానంలో మాబున్ని అనే పదిహేడేళ్ల పిల్ల బౌలింగ్ చూసింది. నాయనది పంక్చర్ షాపు. పిల్ల కాళ్లకు బూట్లు లేవు. అయినా బంతి నేల తాకి లేచిన తీరు చూసి సుంకులమ్మకు ఒళ్లు జలదరించింది. ఆ సంతోషంలో బజారులో హోటలుకు పోయి బొరుగుల ఉగ్గాని, బజ్జీ చెప్పింది. గోడ మీద టీవీలో పాంథర్స్ లీగ్ మ్యాచ్ నడుస్తోంది. జయవర్ధన్ కూతురు ఆద్య బౌలింగ్‌కు వస్తోంది. దేశమంతా పేరున్న బౌలర్. తన చెయ్యి పోయాక సుంకులమ్మ టీవీలో మ్యాచులు చూడడం మానేసింది. ఎప్పుడైనా కంటపడ్డా, ఎదురుగా ఉన్న కెమెరాలో చివరి రెండడుగులే కనిపించేవి. ఆ ఏడు కొత్తగా డ్రోన్లు పెట్టారు. బౌలర్ వెనకాలే, నేలకు ఆనుకుని, పరుగంతా చూపిస్తున్నాయి.

ఆద్య పరుగు మొదలుపెట్టింది. నాలుగు అంగలు వేసి, అయిదో అంగలో ఎడమకాలు ఎత్తి, దేన్నో దాటుతున్నట్టు చిన్నగా గెంతి, మళ్లీ పరుగందుకుంది.

సుంకులమ్మ చేతిలోని ఉగ్గాని పేపరు మీద రాలిపోయింది.

తాడిపత్రిలో బండల పాలీషు ఫ్యాక్టరీల వెనక తెల్లటి పొడి గడ్డకట్టిన ఖాళీ జాగా ఒకటుంది. సుంకులమ్మ బౌలింగ్ నేర్చుకున్నది అక్కడే. పరుగు దారికి అడ్డంగా నేలలోంచి నల్లబండ అంచు పొడుచుకుని ఉండేది. గునపానికి లొంగలేదు. దాన్ని దాటడానికి అయిదో అంగలో గెంతడం అలవాటయింది. తర్వాత ఎంత నున్నటి పిచ్ మీదయినా ఒళ్లు తనంతట తనే గెంతేది. మాన్పించాలని కోచ్‌లు చూశారు గానీ కుదరలేదు. ఇప్పుడు ఆ పెద్ద స్టేడియంలో, పట్టులాంటి గడ్డి మీద, తాడిపత్రి ఎక్కడుందో కూడా తెలియని పిల్ల, లేని బండను దాటుతోంది.

తరువాతి బంతికీ గెంతింది. ఆ తరువాతి బంతికీ గెంతింది.

“ఏమ్మా, కారమెక్కువైందా?” అని హోటలతను నీళ్లు తెచ్చి పెట్టాడు. కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయని అప్పుడు తెలిసింది ఆమెకు. గ్లాసు వైపు చెయ్యి చాచింది. వేళ్లు గ్లాసు దాటిపోయి బల్ల అంచు దగ్గర ఆగాయి.

*

సుంకులమ్మ ఎవరితోనూ ఏమీ అనలేదు. మాబున్నిని నారుమడికి తెచ్చింది.

పిల్ల పేరు జయవర్ధన్ దాకా పోవడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. కూతురిని వెంటబెట్టుకుని కారులో వచ్చాడు. ఆద్య ఆ మధ్య ఆటలో వెనకబడింది. బంతులు దారి తప్పుతున్నాయని, వేగం తగ్గుతోందని పేపర్లు రాస్తున్నాయి. నెట్స్ దగ్గర నిలబడి మాబున్ని బౌలింగ్ అంతా చూసింది. ఆట అయ్యాక దగ్గరికి వచ్చి, మాబున్ని కుడిచెయ్యి తన చేతిలోకి తీసుకుని, మణికట్టు అటూ ఇటూ తిప్పి చూసింది. షాపులో గాజులు చూసినట్టు చూసింది.

“ఓకే డాడీ. ఈ అమ్మాయే. ఫైనల్‌కి ముందే అయిపోవాలి,” అంది.

“నీ ఇష్టం తల్లీ,” అన్నాడు జయవర్ధన్.

మాబున్ని ముఖం వెలిగిపోయింది. పెద్ద జట్టులోకి తీసుకుంటారనుకుంది. “అక్కా, మేడం నా చెయ్యి పట్టుకునింది చూసినావా!” అని ఆ సాయంత్రమంతా అదే మాట.

సుంకులమ్మ చూసింది. ఆద్యకు తెలియకపోవచ్చునని, తండ్రీ డాక్టరూ కలిసి ఆమెను కూడా మోసం చేసి ఉంటారని, అంతవరకూ మనసులో ఒక మూల అనుకుంటూనే ఉంది. ఆ అనుమానం ఆ రోజుతో తీరిపోయింది.

ఇక తెలియాల్సింది ఆ టోపీ సంగతి. పరాంకుశానికి సాయంత్రం అల్లం టీ అలవాటు. ఒకరోజు ఆ టీ తనే ఎడమచేత్తో పట్టుకుపోయి అతని బల్ల మీద పెట్టింది.

“సార్, ఆ టోపీ పెట్టి పిల్లోళ్లకు ఏం పరీక్ష చేస్తారు? ఇన్నేండ్లుగా తొడుగుతాండా గానీ నాకు తెలీనే తెలీదు.”

పరాంకుశం చెడ్డవాడిలా కనిపించేవాడు కాదు. నెమ్మదిగా మాట్లాడేవాడు. కనిపెట్టిన విషయం లోకానికి చెప్పుకునే వీలు లేక ఇన్నేళ్లుగా లోపల ఉడుకుతున్న మనిషి. వినేవాళ్లు దొరికారు. పైగా విన్నా అర్థం కాదనుకున్న మనిషి.

“సైకిలు తొక్కడం వచ్చా నీకు?” అన్నాడు.

“చిన్నప్పుడు తొక్కేదాన్ని సార్.”

“ఎలా తొక్కుతావో మాటల్లో చెప్పగలవా? చెప్పలేవు. ఒంటికి తెలుసు, నోటికి తెలియదు. ఆ ఒంటికి తెలిసినది చిన్నమెదడులో అచ్చుగా పడి ఉంటుంది. నిద్రపట్టగానే మెదడు ఆ అచ్చును తిరగేసుకుంటుంది. అప్పుడు దాన్ని పట్టుకుంటే, పక్క గదిలో నిద్రపోతున్న ఇంకో మనిషికి పంపవచ్చు.”

“జిరాక్స్ మాదిరా?”

అతను నవ్వాడు. “జిరాక్స్ అయితే నాకింత అవస్థ ఎందుకమ్మా! ఇది పీకి నాటడమే. ఇక్కడ ఉన్నది అక్కడికి పోతుంది. పీకేటప్పుడు వేళ్లకు అంటుకుని మట్టి కూడా...” అని ఆగి, టీ ఒక గుక్క తాగాడు.

సుంకులమ్మ తన ఒళ్లో ఉన్న కుడిచేతి వైపు చూసుకుంది. ఆ మట్టి ఏమిటో ఆమెకు తెలుసు. గ్లాసు, దువ్వెన, హుక్కు, అన్నం ముద్ద.

“మళ్లా ఆ మట్టి తెచ్చి పోసే దారి లేదా సార్?”

“లేదు. జట్టులో ఎవరికి నాటినా, అక్కడ కూడా కలకాలం ఉండదు. ఆరేడేళ్లలో అరిగిపోతుంది. మళ్లీ కొత్త నారు కావాలి.”

అంటే తన బౌలింగ్ ఇక ఎక్కడా లేదు. ఆద్య దగ్గర కూడా అయిపోవస్తోంది. తిరిగి తెచ్చుకోవడానికేమీ మిగల్లేదు. ఆ మాట లోపలికి దిగడానికి కొంచెంసేపు పట్టింది. ఇంకొక్కటి అడిగింది.

“మరి మిషను పొరపాటు పడితే? బౌలింగ్ బదులు పిల్ల ముగ్గేసేది పట్టుకుంటే?”

“మంచి ప్రశ్నే!” అని నిజంగానే సంతోషపడ్డాడు. “దానికి ఏది బౌలింగో, ఏది ముగ్గో తెలియదు. కుడిచేతి అచ్చుల్లో ఏది అన్నిటికన్నా గట్టిగా పడి ఉంటే దాన్ని పట్టుకుంటుంది. బౌలర్లకు బౌలింగే గట్టిగా ఉంటుంది. అంతే.”

“అంతేనా సార్,” అంటూ ఖాళీ గ్లాసు ఎడమచేత్తో తీసుకుంది సుంకులమ్మ.

*

ఆదివారం తాడిపత్రి పోయి అమ్మకు అంతా చెప్పింది. లింగమ్మ చేట కింద పెట్టి వింది. విన్నంతసేపూ కూతురి కుడిచెయ్యి వదల్లేదు.

“కొడవలి తీసుకోని పోదాం పా,” అంది చివరికి. “ఆ డాక్టరుదీ, ఆ యజమానిదీ చేతులు నేనే తెగ్గోస్తా. నా బిడ్డకు అన్నం కలిపి పెడ్తాండానే ఆరేండ్ల నుంచీ, పాలు మరిచిన బిడ్డకు పెట్టినట్ల!”

“కొడవలొద్దు మా. వాళ్లు నాకిచ్చిందే వాళ్లకిస్తా.”

ఎలాగో చెప్పింది. లింగమ్మ కూతురి చెయ్యి వదిలేసింది.

“ఆ ఆదోని పిల్ల?”

“ఆ పిల్ల ఉంటేనే వాళ్లు మిషను పెట్టేది.”

“అంటే ఎర.”

“పిల్లకేమీ కానీను మా. నేను చూసుకుంటా.”

“నిన్ను తీసుకపోయిన పొద్దు ఆ యజమాని కూడా నాతో అదే మాట చెప్పినాడు,” అంది లింగమ్మ. “బిడ్డకేమీ కానీము, మేము చూసుకుంటాము అని.”

సుంకులమ్మకు ఆ మాట చెంప మీద కొట్టినట్టయింది. అయినా వెనక్కి తగ్గాలనిపించలేదు. ఆద్య ఆ మణికట్టును తిప్పిచూసిన తీరు కళ్లముందు నుంచి పోలేదు. లోపల మంట తగ్గకుండా ఉండడానికి ఆమె దాన్ని రోజూ గుర్తుచేసుకునేది. బస్సులో గుర్తుచేసుకునేది. మాబున్నికి బౌలింగ్‌లో మెళకువలు చెబుతూ కూడా గుర్తుచేసుకునేది. ముద్ద జారి ఒళ్లో పడ్డప్పుడల్లా, మునుపటిలా సిగ్గుపడకుండా, “పడనీ, ఇంకా పడనీ” అనుకునేది. ఆ రోజుల్లో ఎవరూ లేనప్పుడు, గదిలో కూర్చుని, గ్లాసు అందుకోవడం, వేళ్లు తప్పిపోవడం, మళ్లీ అందుకోవడం, పూటలకు పూటలు అదే పని. ఒకప్పుడు బౌలింగ్‌ను ఎంత దీక్షగా సాధన చేసిందో, వణుకును అంత దీక్షగా సాధన చేసింది.

ఈలోగా మిగతా పిల్లలతో ఒక్కొక్కరితోనూ విడిగా మాట్లాడింది. కొందరు నమ్మారు. నమ్మనివాళ్లకు తన చెయ్యి చూపించి, డ్రోన్ తీసిన ఆద్య పరుగు చూపించి, తను ఆడిన రోజుల నాటి వీడియో పక్కన పెట్టి చూపించింది. సెలవులని, జ్వరాలని, పెళ్లిళ్లని చెప్పి పిల్లలు సామాన్లు సర్దుకుని ఇళ్లకు పోవడం మొదలుపెట్టారు. ఫైనల్ హడావిడిలో ఎవరూ పట్టించుకోలేదు.

ఒక్క మాబున్నికి మాత్రం ఏమీ చెప్పలేదు. చెబితే ముఖంలో దాచుకోలేని పిల్ల.

*

పరీక్ష రోజు మధ్యాహ్నం మాబున్నికి నిద్రమందు కలిపిన పాలు ఇచ్చి, తల నిమిరి, “అయిదు నిమిషాలు పడుకో, అంతా సుంకులమ్మ చూసుకుంటుంది” అని పరాంకుశం పక్క గదిలోకి పోయాడు. అక్కడ ఆద్య అప్పటికే నిద్రపోతోంది. రెండు గదుల మధ్య గోడ ఉంది. అతని తెరలూ మీటలూ అన్నీ ఆద్య గదిలోనే.

తలుపు పడగానే సుంకులమ్మ పాలగ్లాసు మాబున్ని చేతిలోంచి లాక్కుంది.

“తాగొద్దు. లేయ్. ఎనక గేటు కాడ ఆటో ఉంది. స్టేషనుకు పోయి రైలెక్కు. మీ నాయన గుంతకల్లులో దిగి నీకోసం కాసుకోనుంటాడు.”

“ఏమైందక్కా? పరీక్ష?”

“ఇది పరీక్ష కాదు. నీ చెయ్యి పీకి ఆ యమ్మకు పెడ్తారు. నాది పెట్టినట్ల.”

మాబున్ని మంచం మీదే కూర్చుండిపోయింది. అక్క కుడిచేతి వైపు చూసింది. ఆ పిల్ల చురుకైనది. ఎక్కువ చెప్పాల్సిన పని లేకపోయింది.

“నీకెప్పట్నుంచి తెలుసు?”

సుంకులమ్మ తలుపు వైపు చూసింది.

“నన్ను ఆదోని నుంచి పిలుచుకోనొచ్చినప్పుడు తెలుసా?”

“తెలుసు.”

“తెలిసే తెచ్చినావా? తెలిసే ఇన్నాళ్లూ ఈడ పెట్టుకున్నావా?”

“పెట్టుకున్నా. నీకేమీ కానీనని...”

“పాలు నా నోటికాడి దాకా వచ్చినాయి కదక్కా!” అంది మాబున్ని. “ఒక్క గుక్క తాగింటే? నీకు ఈ పొద్దు కాలు జారి రాలేకపోయింటే?”

“పో బిడ్డా. టైం లేదు.”

మాబున్ని లేచింది. బూట్లు చేత్తో పట్టుకుంది. అవి సుంకులమ్మ కొనిచ్చిన బూట్లు. తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగి, వాటిని గడప పక్కన పెట్టేసి, వట్టి కాళ్లతో వెళ్లిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు. తర్వాత ఆ పిల్ల వేరే రాష్ట్రం జట్టులో ఆడింది, పేరు తెచ్చుకుంది. ఎన్నడూ ఒక్క ఫోను కూడా చేయలేదు.

సుంకులమ్మ పాలు గటగటా తాగేసి, మంచమెక్కి, దుప్పటి మెడ దాకా లాక్కుంది. టోపీ ముఖం మీదికి దించుకుంది. బౌలర్లు నిద్రలోకి జారేటప్పుడు తమ పరుగును తలుచుకోవాలి. అది నియమం. ఆమె గ్లాసును తలుచుకుంది. అందుకోబోవడం, దాటిపోవడం. ముద్ద, వణుకు, ఒడి. రాప్తాడు పిల్ల చెప్పు బకిలీ. తప్పిపోయిన ప్రతి పట్టునూ పేరు పేరునా పిలిచింది.

నిద్ర ముంచుకొస్తుండగా గోడ అవతల నుంచి పరాంకుశం గొంతు వినిపించింది. “అబ్బ! ఇంత గట్టి అచ్చు ఇంతవరకు చూడలేదు సార్. రాళ్ల మీద చెక్కినట్టుంది.”

“శభాష్,” అన్నాడు జయవర్ధన్.

*

ఆమె లేచేసరికి కిటికీలో ఇంకా ఎండ ఉంది. పక్క గదిలో ఏదో పగిలింది. కాసేపటికి ఇంకొకటి పగిలింది. తర్వాత ఆద్య అరుపు.

సుంకులమ్మ తన కుడిచెయ్యి ఎత్తి చూసుకుంది. వణకడం లేదు. పసిబిడ్డ చెయ్యిలా, ఏమీ తెలియకుండా, నిమ్మళంగా ఉంది. వేళ్లు ముడిచింది, తెరిచింది. పారిపోవాలంటే వెనక గేటు తెరిచే ఉంది. కానీ ఆమె ఇన్ని రోజులు బతికింది ఈ గంట కోసమే. నడుచుకుంటూ పక్క గదిలోకి పోయింది.

నేలంతా గాజు పెంకులు. ఆద్య మంచం మీద కూర్చుని ఎడమచేత్తో కుడిచేతిని గట్టిగా అదిమి పట్టుకుని ఉంది. పరాంకుశం తెర ముందు నిలబడి ఉన్నాడు. సుంకులమ్మను, ఆమె మెడలో వేలాడుతున్న టోపీ తీగను చూసి అతని ముఖంలో రక్తం ఇంకిపోయింది.

“ఆ అమ్మాయేది? నువ్వు... నువ్వు పడుకున్నావా?”

“పడుకున్నా సార్. గట్టి అచ్చు అన్నారు కదా, విన్నా.”

జయవర్ధన్‌కు ఇంకా అర్థం కాలేదు. పరాంకుశమే రెండు మాటల్లో చెప్పాడు. చెప్పడం అయ్యీ కాకముందే జయవర్ధన్ సుంకులమ్మ మీదికి వచ్చాడు.

“పోలీసులను పిలుస్తాను! జైల్లో కుళ్లిపోతావు!”

“పిలవండి సార్. ఏమని చెప్తారు? నేను ఏ పని చేస్తే మీ బిడ్డకు ఇట్లయిందని రాయిస్తారు? నేను వాంగ్మూలం ఇస్తా. ఈ టోపీ గురించి మొదట్నుంచీ ఇస్తా.”

జయవర్ధన్ అక్కడే ఆగిపోయాడు. పరాంకుశం వైపు తిరిగాడు. “తీసెయ్యండి. వెంటనే తీసెయ్యండి.”

“తీసెయ్యడం కుదరదు సార్. ఇంకొకరికి పంపాలి. ఎవరో ఒకరు తీసుకోవాలి.”

“అయితే హాస్టల్ నుంచి ఎవరినన్నా పట్టుకురండి!”

ఆ మాట ఎంత సులువుగా వచ్చిందో సుంకులమ్మ విన్నది. వార్డెన్‌కు ఫోను చేశారు. హాస్టల్లో ఎవరూ లేరని, మంచాలన్నీ ఖాళీగా ఉన్నాయని, పొద్దున్నించీ తనూ వెతుకుతున్నానని వార్డెన్ ఏడుపుగొంతుతో చెప్పింది.

అప్పుడు సుంకులమ్మ జయవర్ధన్ వైపు తిరిగి, ఎన్నో రోజులుగా నాలుక మీద దాచుకున్న మాట అంది.

“మీకూ కుడిచెయ్యి ఉంది కదా సార్.”

ఆద్య తల ఎత్తింది. ఏడ్చి ఉబ్బిన ఆ ముఖంలో ఒక్కసారిగా ఆశ కనిపించింది. చిన్నపిల్లలా తండ్రి వైపు చూసింది. “డాడీ,” అంది. ఇంకేమీ అనలేదు. అనాల్సిన అవసరం ఉందని ఆమెకు తోచలేదు.

జయవర్ధన్ కూతురిని చూశాడు, మంచాన్ని చూశాడు, టోపీని చూశాడు. తనకు తెలియకుండానే చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నాడు.

“డాక్టర్, ఇది అరిగిపోతుందన్నారు కదా? ఆరేడేళ్లలో?”

“అరిగిపోతుంది సార్. కానీ ఆ ఆరేడేళ్లు...”

“అదే, అరిగిపోతుందట తల్లీ. శాశ్వతం కాదు. మంచి నర్సును పెడదాం. ఇద్దరిని పెడదాం.” అతని మాటలు తొందరగా వస్తున్నాయి. “నేను కంపెనీలు చూసుకోవాలి, రోజూ నలుగురిలో కూర్చోవాలి, నా చెయ్యి ఇలా వణికితే... నీకు తెలుసు కదమ్మా. కొంచెం ఓపిక పట్టు. ఈలోగా ఎవరైనా దొరుకుతారు.”

ఆద్య వింటోంది. వింటున్నకొద్దీ ఆ ముఖంలో వెలుగు తగ్గుతూ పోయింది. తండ్రి మాటలు అయిపోయాక కూడా ఆయన వైపే చూస్తూ ఉంది. కొత్త మనిషిని చూస్తున్నట్టు చూసింది.

సుంకులమ్మకు సంతోషం వేసింది. దాన్ని ఆమె దాచుకోలేదు. అమ్మ ఆరేళ్ల పాటు కలిపి పెట్టిన ముద్దలన్నిటికీ, రాప్తాడు పిల్ల చాపిన పాదానికీ ఇది సరిపోయిందనుకుంది. ఈ తండ్రి ఇంకెన్నడూ కూతురి ఎదుట తల ఎత్తి కూర్చోలేడు. ఆ కూతురికి ఇంకెన్నడూ తండ్రి మాట మాటలా వినిపించదు. కొడవలితో అయ్యే పని కాదిది.

ఎవరో డాక్టరుకు ఫోను చేయాలని జయవర్ధన్ వరండాలోకి పోయాడు. పరాంకుశం గాజు పెంకులు ఏరుతున్నట్టు నటిస్తూ మూలకు ఒదిగాడు. సుంకులమ్మ మెడలోంచి తీగ తీసి మంచం మీద పెట్టి, తలుపు వైపు నడిచింది.

“ఆగు,” అంది ఆద్య.

సుంకులమ్మ ఆగింది.

ఆద్య ఎదురుగా బల్ల మీద మధ్యాహ్నం భోజనం పళ్లెం మూత పెట్టి ఉంది. ఆమె దాని వైపు చెయ్యి చాచింది. వేళ్లు పళ్లెం దాటిపోయి గోడకు తగిలి ఆగాయి. వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. తిట్టలేదు, బతిమాలలేదు.

“నీకు... నీ చేత్తో నువ్వు అన్నం తినడం ఎన్నాళ్లకు వచ్చింది?”

సుంకులమ్మ ఆమెను చూసింది. అడిగిందానికి నిజమే చెప్పాలనుకుంది.

“రాలేదు,” అంది. “ఈ రాత్రి ఇంటికి పోయి మొదలుపెట్టాల.”

తలుపు తీసుకుని ఎండలోకి వెళ్లిపోయింది.